బీడీకి పత్యం లేదు

మా అన్న తనకు షుగర్ వచ్చిందన్న సంగతి నవ్వుతూ చెప్పాడు. పోయిన నెల నేను పనిచేసే క్లినిక్‌కు వచ్చి, కౌంటర్ మీద మోచేతులు ఆనించి, రక్తపరీక్ష కాగితం నా ముందు పడేసి, "సూడే చెల్లె, శక్కర ఫ్యాక్టరీల పనిచేసినోని కొడుక్కు శక్కర రాక ఉప్పొస్తదా?" అన్నాడు. వెనక కుర్చీల్లో కూర్చున్న పేషెంట్లు కూడా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తొమ్మిదేళ్ల కింద మా బాపుకు షుగర్ వచ్చినప్పుడు బోధన్‌లో మా వాడకట్టంతా ఇదే జోకు వేసింది. వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఏడాది తిరక్కుండానే బాపు పోయాడు. పోయింది షుగర్‌తో కాదు, క్లోమంలో క్యాన్సర్‌తో.

అన్నను ఎగాదిగా చూశాను. నలభై ఏడేళ్ల మనిషి. ప్యాంటు వదులై, బెల్టుకు చివరి బెజ్జం దాటి ఇంకోటి పొడిపించుకున్నాడు. చొక్కా జేబులో బీడీ కట్ట ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. బాపు నడిచిన దారిలోనే, అదే జోకు వేసుకుంటూ, అదే కట్ట జేబులో పెట్టుకుని పోతున్నాడు. ఒళ్లు మండిపోయింది. ఈసారి చూస్తూ ఊరుకుంటే నేను మనిషిని కాదనుకున్నాను. స్కాన్ చేయించుకోవాలి, బీడీ మానాలి అని అక్కడే అందరి ముందూ చెప్పాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తను తోలే ఆటో తీసుకుని వెళ్లిపోయాడు.

నేను నిజామాబాద్‌ కంఠేశ్వర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. పేరు, వయసు, ఊరు, అలవాట్లు రాసుకోవడం నా పని. అలవాట్ల దగ్గర రెండే అచ్చేసి ఉండేవి: సిగరెట్, మద్యం. పక్కన 'ఉంది', 'లేదు'. ఆ కాగితం తయారుచేసినవాడెవడో గానీ ఈ జిల్లాలో ఒక్క పూట కూడా కూర్చుని ఉండడు. బీడీలు చేసే ఊళ్లకు వచ్చి సిగరెట్ తాగుతావా అని అడిగితే ఏం చెబుతారు? లేదు సారూ అని గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతారు. అబద్ధం కూడా కాదు. సిగరెట్ షోకులరాయుళ్లు తాగేది. బీడీ మా దగ్గర అలవాట్ల లెక్కలోకి రాదు, అది ఇంట్లో ఉప్పూ పప్పూ లాగా ఉంటుంది.

మా ఇల్లు నడిచిందే దాని మీద. బాపు చక్కెర ఫ్యాక్టరీలో బస్తాలు మోసేవాడు. చెరకు ఆడినన్నాళ్లే ఆ పని. మిగతా నెలలు ఇల్లు ఈడ్చింది అవ్వ. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. వంట కాగానే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కత్తెరతో తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేది. బీడీ కార్ఖానాలో అప్పజెప్పే ముందు మంచివీ చెడ్డవీ తానే ఏరేది. ఆకు చిరిగినవీ నడుము వంగినవీ అక్కడ తీసుకోరు. వాటిని విప్పేసి తంబాకు మళ్లీ చాటలో పోసుకోవచ్చు. చాలామంది అలాగే చేసేవాళ్లు. అవ్వ మాత్రం ఎప్పుడూ విప్పలేదు. పాత పౌడరు డబ్బాలో వేసేది. ఆ డబ్బాను మా ఇంట్లో 'బాపు వాటా' అనేవాళ్లం.

నేను ఏడో తరగతిలో ఉండగా బీడీలు చేయడం నేర్చుకున్నాను. మొదటి రెండు నెలలూ నేను చేసినవన్నీ వంకరే. అన్నీ బాపు వాటాకే పోయాయి. ఆయన డబ్బాలో వెతికి మరీ నావి తీసుకునేవాడు. "గిది నా బిడ్డ చేసింది. నా ముక్కు లెక్కనే వంకరున్నది సూడు" అని అందరికీ చూపించి వెలిగించేవాడు. నాకు అప్పుడు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. అది గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బాపుకు షుగర్ బయటపడేనాటికి ఫ్యాక్టరీ మూతపడింది. ఆయన ఇంటి దగ్గరే ఉండేవాడు. ఇంటి దగ్గర ఊరికే కూర్చున్న మనిషికి ఊరంతా డాక్టర్లే. మా మేనత్త వచ్చి అన్నం బందు చేయించి జొన్నరొట్టెకు దింపింది. వెనకింటావిడ పొద్దున్నే కాకరకాయ రసం పట్టుకొచ్చేది. అవ్వ చాయ్‌లో చక్కెర మానేసింది, బెల్లం డబ్బా అటక మీదికి ఎక్కించింది. పండక్కి ఎవరింట్లోనైనా బాపు చేతిలో భక్ష్యం పెడితే మా ఇంటి నుంచి ఎవరో ఒకరు పరుగెత్తి వెళ్లి లాక్కునేవాళ్లు. ఆదివారం మటన్‌కు మాత్రం అడ్డు లేదు, దాంట్లో తీపి లేదు కదా. సాయంత్రం కల్లుకూ అడ్డు లేదు, అది పులుపు కదా. మా వాళ్ల వైద్యశాస్త్రంలో నాలుకకు తియ్యగా తగిలిందే నేరం. తక్కినవన్నీ నిర్దోషులు.

బీడీ సంగతి ఎవరూ ఎత్తలేదు. రొట్టె తిని చెయ్యి కడుక్కోగానే అవ్వే అగ్గిపెట్టె అందించేది. ఒకసారి నేను, "బీడీ గూడ తక్కువ చెయ్యమనరాదే అవ్వా" అన్నాను, గట్టిగా కాదు, ఏదో అనాలి కాబట్టి. "తిననీకె ఏం లేకపాయె పాపం, గదన్న తాగనియ్యి" అంది. నేను ఇంకోసారి అనలేదు.

ఆరు నెలల్లో బాపు సగమయ్యాడు. చొక్కా భుజాల మీద నుంచి జారిపోయేది. వాడకట్టంతా సంబరపడింది. "పత్యం మంచిగ చేస్తుండు, కడుపు చూడు ఎట్ల లోపలికి పోయిందో" అన్నారు. అన్నం మానేసినవాడు చిక్కకపోతే ఏమవుతాడు అని నేనూ అన్నాను. నేను రోజూ డాక్టరుకు పది అడుగుల దూరంలో కూర్చునేదాన్ని. ఆ మాత్రం అనుమానం ఎవరికైనా రావాలంటే ముందు నాకే రావాలి. నడుము నొప్పి అన్నాడు. బస్తాలు మోసిన నడుము, నొప్పి లేకపోతేనే వింత అనుకున్నాం. ఆ నడుము బస్తా మోసి అప్పటికే ఏళ్లు గడిచాయని ఒక్కరికీ తోచలేదు.

నొప్పి తగ్గకపోతే మా క్లినిక్‌కే తీసుకొచ్చాం. కాగితం నేనే రాశాను. పేరు, వయసు, ఊరు రాసి, అలవాట్ల దగ్గర ఆగాను. బాపు కౌంటర్ మీదికి వంగి చూశాడు. "సిగరెట్టా? మనకేడిదే సిగరెట్టు? లేదని రాయి" అన్నాడు. ఆయన వేళ్ల మధ్య పసుపు మరక నాకు కనిపిస్తూనే ఉంది. అవ్వ వైపు చూశాను. అవ్వ తలెత్తి తిరిగే ఫ్యాన్ వైపు చూసింది. రాస్తే లోపల డాక్టరు బాపును అందరి ముందూ తిడతాడు. ఎక్కడివి, ఎవరు చేశారు అని అడిగితే అవ్వ తల దించుకోవాలి. ఇవన్నీ నేను ఆలోచించి రాశానని చెప్పుకుంటే అదో గొప్ప. నిజం చెప్పాలంటే, కాగితంలో బీడీ అన్న మాట లేదు, నాకు అదే చాలనిపించింది. 'లేదు' అని రాశాను. డాక్టరు ఆ కాగితం చూసి, షుగర్ మాత్రలు మార్చి, నొప్పికి మందు ఇచ్చి, తగ్గకపోతే మళ్లీ రమ్మన్నారు. మేం మళ్లీ పోలేదు.

తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లకు ఇంగ్లీషు మందు లేదని మా దగ్గర చిన్నపిల్లలు కూడా చెబుతారు. మెండోర దిక్కు పసరు పోసే ఆయన ఉన్నాడని అన్న ఆటో కట్టాడు. నేను వద్దన్నాను. వద్దని, ఆటోలో వెనక ఎక్కి కూర్చున్నాను. అదీ నా పౌరుషం.

ఆయన పసరు తాగించి పత్యం చెప్పాడు. నూనె ముట్టొద్దు, ఉప్పు తగ్గించాలి, వంకాయ వద్దు, గోంగూర వద్దు, మాంసం వాసన కూడా తగలొద్దు, చల్ల పోసుకున్న మెత్తటి అన్నం తప్ప ఏదీ నోట పెట్టొద్దు. ఒక్కోటీ వేలు మడిచి చెబుతుంటే అవ్వ తానూ వేలు మడిచి గుర్తుపెట్టుకుంది. అంతా అయ్యాక కొంచెం జంకుతూ అడిగింది. "మరి బీడీ?"

ఆయన చెవి వెనక పెట్టుకున్న బీడీని తీసి వెలిగించుకుంటూ, "బీడీకి పత్యం లేదు" అన్నాడు.

బాపు ముఖం వికసించింది. చాలా రోజుల తర్వాత నవ్వాడు. అక్కడే ఒకటి ముట్టించాడు. ఇద్దరూ వియ్యంకుల్లా ఎదురెదురుగా కూర్చుని తాగారు. ఆ పసరాయన మీద నాకు ఇప్పటికీ పట్టరాని కోపం. ఆయన చెప్పింది మేం వినాలనుకున్న మాటే కాబట్టి ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియదు.

మూడు వారాలు పత్యం చేయించాం. కళ్లు ఇంకా పచ్చబడ్డాయి, ఒళ్లంతా దురద, మూత్రం చిక్కటి చాయ్ డికాషన్‌లా అయింది. అప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు హైదరాబాద్ పరుగెత్తాం. స్కాన్ చేశారు. పెద్ద డాక్టరు ఫోటోను వెలుతురుకు పెట్టి చూపించి, క్లోమం అన్నాడు.

"క్లోమమంటే ఏంది సార్?" అన్నాడు బాపు. గుండె తెలుసు, కార్జం తెలుసు, ఊపిరితిత్తులు తెలుసు. ఈ మాట ఆయన జన్మలో వినలేదు. మా ఇంట్లో ఎవరూ వినలేదు. డాక్టరు ఓపికగానే చెప్పాడు. కడుపు వెనక అడ్డంగా ఉంటుంది, తిన్నది అరగడానికి రసం ఇస్తుంది, ఒంట్లో చక్కెరను అదుపులో పెట్టేదీ అదే. అది పాడైతే షుగర్ రావచ్చు. వయసు మళ్లాక ఉన్నట్టుండి షుగర్ వచ్చి మనిషి చిక్కిపోతుంటే ఒక్కోసారి ఈ జబ్బే లోపల మొదలై ఉండొచ్చు అన్నాడు. షుగర్ వల్ల చిక్కాడని, పత్యం వల్ల చిక్కాడని మేం ఆరు నెలలు మురిసిపోయాం. జబ్బు పంపిన కబురునే మేం జబ్బు అనుకున్నాం.

"బెల్లం తింటె వచ్చిందా సార్?" బాపు అడిగాడు. చిన్నప్పుడు చెరకు గడలు నమిలిన పాపం కూడా ఒప్పుకునేలా ఉన్నాడు.

"బెల్లంతోనే వచ్చిందని చెప్పలేం. లావు పెరగడం, ఏళ్ల తరబడి తాగుడు ఇవి మంచివి కావు. మాంసం ఎక్కువ తినడం మీద కూడా అనుమానాలున్నాయి. పొగ మాత్రం బాగా తెలిసిన కారణం" అని మేం క్లినిక్ నుంచి తీసుకెళ్లిన ఫైలు తిరగేశాడు. "మీకు సిగరెట్ లేదుగా, ఇక్కడ లేదనే రాసి ఉంది."

నా చేతిరాత. గుండ్రటి అక్షరాలు. బాపు నేల చూశాడు. అవ్వ అక్కడ కూడా ఫ్యాన్ కోసం వెతికింది, ఏసీ గదిలో ఫ్యాన్ లేదు. "బీడీ తాగుతడు సార్" అన్నాను నేను.

"ఎన్ని?"

"రోజుకో కట్ట" అన్నాడు బాపు, బడి పిల్లవాడిలా. డాక్టరు తిట్టలేదు. రాసుకున్నాడు, అంతే.

బయట వరండాలో ఆయన్ను పట్టుకుని అడిగాను. మొదటే బీడీ అని రాసి ఉంటే బతికేవాడా అని. "ఆ బీడీల వల్లే వచ్చిందని కూడా ఈయన విషయంలో వేలు పెట్టి చూపించలేనమ్మా. రాసి ఉంటే స్కాన్ కొంచెం ముందు చేయించేవాళ్లేమో. చేయించినా దొరికేదో లేదో. ఇది తొందరగా బయటపడే జబ్బు కాదు" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. క్షమించిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం చాలా కష్టం, అయినా తెచ్చుకున్నాను.

నాలుగు నెలలకు బాపు పోయాడు. ఆ తర్వాత నేను మా క్లినిక్ కాగితాల మీద సిగరెట్ పక్కన పెన్నుతో 'బీడీ' అని రాయడం మొదలుపెట్టాను. పేషెంట్లను నిలదీసి అడుగుతాను. సిగరెట్ లేదనగానే, బీడీ, చుట్ట, జర్దా అని ఒక్కోటీ అడుగుతాను. వేళ్లు చూపించమంటాను. వాళ్లకు నేనంటే మంట. ఒకాయన, "నువ్వు డాక్టరువా, పోలీసువా?" అన్నాడు. ఏదైతే నీకెందుకు, చెయ్యి చూపించు అన్నాను.

అవ్వతో మాత్రం ఎనిమిదేళ్లుగా సరిగ్గా మాట్లాడలేదు. ఆమె బోధన్‌లో అన్న దగ్గరే ఉంటుంది. చూపు మందగించినా చాట వదల్లేదు. వంకర బీడీలు మునుపటికంటే ఎక్కువ. అదే పౌడరు డబ్బా. పేరే మారింది: 'పెద్దోని వాటా'.

అన్న షుగర్ కాగితం చూపించి వెళ్లాక వచ్చిన ఆదివారం బస్సెక్కి బోధన్ పోయాను. పోవడమే పోట్లాటకు పోయాను. అన్న మంచం మీద కూర్చుని తన పత్యం వర్ణిస్తున్నాడు. అన్నం బంద్, చాయ్‌లో శక్కర బంద్, మామిడిపండు ముఖం చూడలేదు. "మరి బీడీ?" అన్నాను. నవ్వి, "దానికి పత్యం లేదు కదనే" అన్నాడు. మెండోరకు ఆటో తోలింది తనే. ఆ మాట ఆ రోజే నేర్చుకున్నాడు.

లేచి డబ్బా అందుకుని మురుగు మోరీ వైపు నడిచాను. అవ్వ చాట పక్కన పెట్టి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. డెబ్బై ఏళ్ల చెయ్యి, ఎంత బలమో.

"గా బీడీలే నిన్ను సదివిచ్చినయ్."

"నన్ను సదివిచ్చినయ్, బాపును మింగినయ్. ఇగ పెద్దోన్ని గూడ మింగనీ."

"నువ్వు చేసినయి గూడ తాగిండు మీ బాపు" అంది అవ్వ.

ఎనిమిదేళ్లుగా అడగాలనుకుని మింగిన మాటే చివరికి బయటికి వచ్చింది. "గా దినం కాయితం రాసేటప్పుడు ఫ్యాన్ దిక్కు ఎందుకు సూసినవే?"

అవ్వ చెయ్యి వదిలేసింది. చాట దగ్గరికి వెళ్లి కూర్చుని ఆకు తీసుకుంది. కత్తిరించలేదు, చేతిలో పట్టుకుని ఉండిపోయింది. డబ్బా మోరీలో కుమ్మరించాను. అన్న మంచం మీంచి లేచి, "నీ నోరు మూయనీకన్న స్కాన్ చేపిచ్చుకుంట. కని ఒక్కటి. ఆడ నువ్వు నోరు తెరువొద్దు. తెరిస్తె నడిమిట్లకెల్లి లేసొస్త" అన్నాడు. ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే అసలే రాడు.

స్కాన్‌లో క్లోమం బాగానే ఉందన్నారు. మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు, బీడీ మానమన్నారు, మానితే ముప్పు ఏటికేడూ తగ్గుతుందని చెప్పారు. అన్న మానాడా అంటే, చొక్కా జేబు ఖాళీగానే ఉంటోంది. ఆటో సీటు కింద నేను చూడలేదు, చూస్తాను. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది అది కాదు, స్కాన్‌కు ముందు కౌంటర్ దగ్గర జరిగింది.

నిజామాబాద్‌లోనే స్కానింగ్ సెంటర్. పిలవకపోయినా అవ్వ కూడా ఆటో ఎక్కి మాతో వచ్చింది. కౌంటర్‌లో ఇరవై ఏళ్ల అమ్మాయి. నా పనే ఆమె పని. పేరు, వయసు, ఊరు రాసుకుని, తలెత్తకుండా, "సిగరెట్ ఉందా?" అంది.

"లేదు" అన్నాడు అన్న. అని, నా వైపు చూశాడు. ఒప్పందం గుర్తుచేసే చూపు. నేను పళ్లు బిగబట్టాను. ఆ అమ్మాయి పెన్ను 'లేదు' మీదికి వెళుతోంది. నెలకు ఎంతమందినో నిలదీసే మనిషిని, నా అన్న దగ్గర మళ్లీ నోరు కుట్టుకుని నిలబడ్డాను.

అవ్వ నన్ను పక్కకు తోసి ముందుకొచ్చింది.

"తాగుతడు బిడ్డా. బీడీ. దినాం ఒక కట్ట. నేనే చేసిస్త."

అన్న, "అవ్వా!" అన్నాడు. అవ్వ అటు చూడలేదు. ఈసారి ఫ్యాన్ వైపు కూడా చూడలేదు. పెన్ను వైపే చూస్తోంది. ఆ అమ్మాయి కొట్టేసి రాసింది. అవ్వకు చదువు రాదు, అయినా రాసేదాకా కదల్లేదు.

"ఈల్ల బాపుది గూడ రాయి" అంది.

"ఆయన కూడా వచ్చారా అమ్మా?"

"లేడు. ఎనిమిదేండ్లాయె."

"మరి ఆయనది ఎందుకమ్మా?"

"గప్పుడు లేదని రాసినం బిడ్డా" అంది అవ్వ. "తాగేటోడు. రాయి."

రాసినం అంది. రాసింది నేనొక్కదాన్నే.